బొగ్గులో దొరకని ఆవలింత

"మాత్ర మింగుతాం గదా, అది చివరికి యాడికి పోతాదో చెప్పండి సూద్దాం?"

బొగ్గు గోతం మూతి విప్పుతూ ప్రసన్నకుమారి టీచర్ ఈ ప్రశ్న వేసేసరికి మనవడు భూపేష్ ఆలోచించకుండా కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాడు. వాడి అక్క యామిని మాత్రం తొందరపడలేదు. ఎండాకాలం సెలవులకు నంద్యాల నుంచి అవ్వ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ పిల్లకు ఒక సంగతి అర్థమైంది. అవ్వ ఒక ప్రశ్న అడిగిందంటే దాని వెనక ఇంకోటి కాచుకుని ఉంటుంది.

"పొట్టలోకి," అన్నాడు భూపేష్.

"ఆడ్నే ఉండిపోతాదా?"

"కరిగిపోతాది."

"టీలో చక్కెర కరిగితే తీపి యాడికన్నా పాయనా? కరగడం వేరు, లేకుండా పోవడం వేరు."

టీచర్ ఆగింది. జవాబు పిల్లల నోటి నుంచే రావాలని ఆమె పట్టుదల. నూలుకొట్టాల బడిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ అదే పద్ధతి. రిటైరయ్యాక వినేవాళ్ళు తగ్గారు గానీ పద్ధతి మారలేదు. గోతంలో బొగ్గును పట్ట మీద కుమ్మరించి, ముక్కలు ఒక పక్కకు, పొడి ఒక పక్కకు చేత్తో జరుపుతూ కూర్చుంది.

"మళ్ళా బయటికి పోతాది," అని గొణిగింది యామిని. "బాత్రూముకు."

భూపేష్ కిసుక్కుమన్నాడు.

"నవ్వేదేముండాది? సరిగ్గా చెప్పింది. మింగినదాంట్లో కొంత ఒంట్లో పని చేస్తాది, మిగిలింది గుంతలోకి పోతాది. మన ఊరి కింద ఏముండాది?"

"నాపరాయి."

"నాపరాయంటే పలకలు పలకలు. పలకకూ పలకకూ మధ్య సందులు. ఆ సందుల్లో పడి నీళ్ళు యాడికి చేరతాయి?"

"బావిలోకి!"

"బావిలో నుంచి?"

ఇద్దరూ ఒకేసారి వసారాలో ఉన్న బిందె వైపు చూశారు. "థూ!" అన్నాడు భూపేష్.

"పెద్ద ఈరన్న మింగిన మాత్ర ఊరంతా తిరిగి నీ గ్లాసులోకి వస్తాది నాయనా. రాకుండా పట్టుకునేదానికే ఈ బొగ్గు."

ఆ మాట నిజమే. కొన్నేళ్ళ కిందట కర్నూలు నుంచి కాలేజీ పిల్లలు వచ్చి ఊరి బావి నీళ్ళను సీసాల్లో పట్టుకుపోయారు. మళ్ళీ వచ్చి, నీళ్ళకు రంగు లేదు, వాసన లేదు, మందులు మాత్రం ఉన్నాయన్నారు. జ్వరం మందులు, నొప్పుల మందులు, బీపీవి, మూర్ఛవి. కాచినా పోవు, గుడ్డలో వడగట్టినా పోవు, మంచి బొగ్గుతో పోతాయన్నారు. బొగ్గుకు కొదవేముంది? బనగానపల్లె చుట్టుపక్కల రసం తీసే షెడ్ల వెనక మామిడి టెంకలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని ఎండబెట్టి, గాలి తగలకుండా బట్టీలో కాల్చి, కడిగి, ఇంకోసారి కాల్చితే ఆ బొగ్గు నిండా కంటికి ఆనని బొక్కలు పడతాయి. ఒక్క పిడికెడు బొగ్గు లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే మన బడి మైదానం చాలదని టీచర్ ఊరి ఆడవాళ్ళకు చెప్పింది. "గుడ్డ నీళ్ళు తాగినట్టు బొగ్గు మందును తాగదు. చేలో నడుస్తాంటే ఉత్తరేణి గింజలు చీర కుచ్చిళ్ళకు పట్టుకుంటాయే, అట్ల మందు పోయి బొగ్గు గోడలకు పట్టుకుంటాది. కుచ్చిళ్ళ నిండా గింజలైనాక కొత్తవాటికి చోటుండదు. అప్పుడు బొగ్గు మార్చల్ల." అందరికీ అర్థమైంది. బావి పక్కన సిమెంటు తొట్టి కట్టారు. మోటారు నీళ్ళు అందులో బొగ్గు మధ్యగా దిగి, అడుగున ఇసుకలో నుంచి కొళాయిలకు పోతాయి.

నిండేకొద్దీ బొగ్గు మాట్లాడేది. దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. ఒకరి ఒంట్లో తిరిగి వచ్చిన మందును పట్టుకున్నాక ఆ మనిషి గొంతు కొంచెమైనా అంటకుండా ఎట్లా ఉంటుంది? ముక్క చెవి దగ్గర పెట్టుకుంటే బీపీ మాత్రలవాళ్ళు ఉస్సురనేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు "అబ్బా" అని కూర్చునేవాళ్ళు, "అబ్బా" అని లేచేవాళ్ళు. తనది ఉక్కులాంటి ఒళ్ళని ఊరంతా చెప్పుకు తిరిగే బొజ్జన్న గొంతు ఒక ముక్కలో "ఓయమ్మో నా నడుము" అని వినపడిన రోజున ఆడవాళ్ళు కొళాయి దగ్గర పడీ పడీ నవ్వారు. కాలేజీ పిల్లలు మాత్రం బొగ్గు ఎంత పట్టింది, ఎంత వదిలింది అని చూసుకుని పోయారు. గొంతులు వాళ్ళ పాఠంలో లేవు.

నిండిన బొగ్గును బట్టీలో మళ్ళీ కాల్చాలి. ఆ వేడికి మందు మాడిపోయి, బొగ్గు కొత్తదవుతుంది. అయితే వినకుండా కాల్చకూడదని ఊళ్ళో ఒక ఆనవాయితీ వచ్చింది. మనిషి మూలుగును ఎవరూ వినకుండా మంటలో వెయ్యడం బాగుండదు కదా. తొట్టి మార్చిన రోజున ఇంటికొకరు వచ్చి కూర్చుని, ముక్కలు ఏరి, తమవాళ్ళ గొంతు విని, "సరేలే, విన్యాం" అని గోతంలో వేసేవాళ్ళు.

ఇప్పుడు పట్ట మీద పడ్డవి మాత్రం పాత గోతాలు. ఇవి తొట్టిలో మొదటిసారి నింపినవి, నరసన్న బతికున్న నాటివి. కాల్చకుండా టీచర్ ఇంటి వెనక రేకుల షెడ్డులో దాచి ఉంచినవి.

దాచమన్నది నరసన్న పెళ్ళాం హనుమమ్మ. పిల్లలకు పాఠం జరుగుతున్నంతసేపూ ఆమె షెడ్డు గోడకు ఆనుకుని, ఒళ్ళో బొగ్గు పోసుకుని, ఒక్కో ముక్కనే తీసి చెవికి ఆనించుకుంటోంది. పండిందో లేదో తెలియని కాయను అటూ ఇటూ తిప్పి చూసినట్టు తిప్పి, ఇంకో పక్క కూడా విని, అప్పుడు కింద పెడుతుంది. చెంప, చెవి, ముంజేతి దాకా నల్లగా అయ్యాయి.

నరసన్న గుంత మగ్గం మీద చీరలు నేసేవాడు. నడివయసులో మూర్ఛ రావడం మొదలైతే డాక్టరు మాత్రలు రాశాడు. దినామూ రాత్రి అన్నం కాగానే పెళ్ళాం ఎదుటే నోట్లో వేసుకుని చెంబెత్తేవాడు. అయినా పోయినేడాది కాలవ గట్టున కాళ్ళు కడుక్కుంటుండగా మూర్ఛ వచ్చి ముందుకు పడ్డాడు. మోకాలి లోతు కూడా లేని నీళ్ళు. మనిషి లేవలేదు. మాత్రలు వేసుకున్నా ఆగలేదంటే ఇంకేం చేస్తాం అన్నారు ఊళ్ళో.

దినాలు అయ్యాక హనుమమ్మ టీచర్ ఇంటికి వచ్చి అడిగింది ఒకటే. "ఆయప్ప ఫోటోలో నోరు మూసుకుని ఉండాడు టీచరమ్మా. బొగ్గులో గొంతన్నా ఉంటాది గదా. కాల్చొద్దు. తీరికగా ఏరుకుంటా." అప్పటి నుంచి మగ్గం పని లేనప్పుడల్లా వచ్చి ఏరుతూనే ఉంది. అయితే ఇంక ఆగడానికి లేదు. పొద్దుననే పడమటి పక్క మబ్బు పట్టింది. షెడ్డు రేకులకు చిల్లులున్నాయి. నిండిన బొగ్గు వాన నీటిలో నానితే పట్టుకున్నదంతా వదిలేస్తుంది, అది మళ్ళీ నాపరాతి సందుల్లోకే దిగుతుంది. అందుకని రేపు బట్టీ వెలిగించాలని టీచర్ చెప్పింది. ఇవాళ చివరి గోతం.

"ఇది ఈరన్నది," అంది హనుమమ్మ ఒక ముక్క కింద పెడుతూ. ఇంకోటి తీసింది. "ఇదీ ఈరన్నే. సచ్చినోడు, గోతాం నిండా వీని ఆవలింతలే. ఒక్కడు ఇన్ని ఆవలింతలు యాడ పెట్టుకున్యాడో."

"యాలవ్వా అన్ని ఆవలింతలు?" అని నవ్వాడు భూపేష్.

"మూర్ఛ మాత్రలు మత్తు కదరా. అవి మింగినోల్ల గొంతు బొగ్గులో ఆవలింతగానే వస్తాది," అంది టీచర్.

"నరసన్న తాతవీ అవే మాత్రలా?"

"అవే."

"మరి తాత ఆవలింత యాల లేదు?"

ఇది మంచి ప్రశ్న. మంచి ప్రశ్న వినపడితే టీచర్‌కు నడుము దానంతటదే నిటారుగా అవుతుంది. "ఆలోచిద్దాం," అంది. "తప్పు బొగ్గుదా?"

"కాదు," అంది యామిని. "ఈరన్న తాతవి పట్టుకునింది గదా."

"భలే. ఒకే మందు, ఒకే బావి, ఒకే తొట్టి. ఈరన్నది పట్టుకున్న బొగ్గు నరసన్నది వదిలేస్తాదా?"

"వదలదు."

"అయితే ఏమైంటుంది?"

పిల్లలు ఆలోచించారు. ఎప్పటిలాగే టీచర్ తొందరపెట్టకుండా ఆగింది. యామిని ముఖం వెలిగింది. "మింగకపోతే, అవ్వా?"

"మింగకపోతే మనిషి గొంతు దానికి అంటనే అంటదు. నీళ్ళలో పారేసినా బొగ్గు పట్టుకుంటాది గాని, అది ఉత్త మం..."

మాట సగంలోనే ఆగిపోయింది. చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి తనంతట తానే లెక్కను చివరి దాకా చేసుకుపోయినట్టు, ఆమె నోరు ఆ జవాబు దాకా వచ్చేసింది. గోడ దగ్గర హనుమమ్మ చెవికి ఆనించిన ముక్క అక్కడే ఉంది. వింటోంది, అయితే బొగ్గును కాదు.

"మీరు లోపలికి పోయి అన్నం తినండి," అంది టీచర్ పిల్లలతో.

వాళ్ళు వెళ్ళాక హనుమమ్మ ముక్కను ఒళ్ళో పెట్టుకుంది. "ఇంగొకసారి చెప్పు టీచరమ్మా. నేను బడికి పోయినదాన్ని కాదు. నిదానంగా చెప్పు."

నిదానంగా చెప్పడం ప్రసన్నకుమారికి ఎన్నడూ కష్టం కాలేదు. ఇవాళ ఒక్కో మాటా పెకలించినట్టు వచ్చింది. "తొట్టి కట్టినాక ఆయప్ప ఏడాది పైనే ఉన్యాడు. ఆ ఏడాది బొగ్గంతా నువ్వే విన్యావు. ఆయప్ప గొంతు లేదు. ఈరన్నది ఉండాది. అంటే... ఆయప్ప మాత్ర మింగలేదు హనుమమ్మా. నీ ముందర నోట్లో వేసుకుని, తర్వాత యాడనో ఉమ్మేసింటాడు."

హనుమమ్మ తన నల్లటి అరచేతులు కొంగుకు తుడుచుకుంది.

"మొదట్లో మింగినాడు," అంది. "నాకు తెలుసు. మగ్గం మీద కునుకుపాట్లు పడేటోడు. పోగు తోసే నాడె చేతిలోంచి జారి గుంతలో పడేది. ఒక చీర అంచు మొత్తం తప్పు నేసినాడు, షావుకారు ఆయప్ప మొగానే ఇసిరికొట్టె. ఆ దినం నేను..." ఆగింది. "వీధిలో పడుగు పోగులు చాపి ఉండాం. ఆడా మొగా అందరూ ఉండారు. మాత్ర మింగి మగ్గం మీద నిద్రపోయే మొగునికి ఉయ్యాల కట్టి జోల పాడల్ల నేను, అంటి. అందరూ నవ్విరి. ఆయప్ప గూడా నవ్వె. ఆ పొద్దు నుంచి ఒక్క ఆవలింత లేదు టీచరమ్మా, ఒక్కటంటే ఒక్కటి. మందు ఒంటికి అలవాటు పడిందిలే అనుకుంటి. చీరలు గూడా బాగ నేసె. నేనేమో మురిసిపోతి."

ఓదార్పు టీచర్‌కు ఎన్నడూ సరిగ్గా రాలేదు, వివరించడమే వచ్చు. వివరించాల్సింది ఇప్పటికే ఎక్కువైంది.

అంతలో హనుమమ్మ దిగ్గున లేచింది. ఒళ్ళోని బొగ్గంతా జారి పడింది.

"రామాంజిది?"

ఆ మాటతో టీచర్ కూడా లేచింది. రామాంజి నరసన్న కొడుకు. మగ్గం వద్దని ఎర్రగుంట్ల సిమెంటు లారీ నడుపుతున్నాడు. దసరా నాడు అన్నం తింటూ తింటూ వాడూ పడిపోయాడు. అదే జబ్బు, అవే మాత్రలు. మాత్ర తప్పకుండా వేసుకుంటే బండి నడపొచ్చని డాక్టరు అన్నాడని వాడే వచ్చి చెప్పాడు. వారంలో సగం రోజులు ఇంట్లోనే ఉంటాడు. ఇవాళ కూడా ఉన్నాడు. సాయంత్రానికి లోడు ఎత్తాలి.

ఇద్దరూ బావి దగ్గరికి వెళ్ళారు. హనుమమ్మ తొట్టి మూత జరిపి, లోపలికి వంగి, తడి బొగ్గు మీద చెవి ఆనించింది. వింటూ వింటూ పేర్లు చెప్పింది. ఈరన్న. బొజ్జన్న నడుము. సిద్దమ్మ దగ్గు. "అరుణజ్యోతి మొన్న తలనొప్పికి వేసుకునిందే, అది గూడా ఉండాది," అంది. అరుణజ్యోతి రామాంజి పెళ్ళాం. ఆ తర్వాత ఇంకేమీ చెప్పలేదు. తొట్టికి నాలుగు పక్కలా తిరిగి విన్నది.

"బండి మీద తిరిగేటోడు గదా, కొంచెం తక్కువగా..." అని టీచర్ మొదలుపెట్టింది.

"నువ్వు సాకులు చెప్పొద్దు టీచరమ్మా. నీకు రావు," అని హనుమమ్మ రోడ్డు వైపు నడిచింది.

లారీ ఊరి మొదట్లో నిలబెట్టి ఉంది. రామాంజి అద్దం తుడుస్తున్నాడు. అరుణజ్యోతి క్యారియర్ అందిస్తోంది. తల్లి ముఖం చూసి వాడు నవ్వాడు.

"ఏంమా, పౌడరు మార్చినావా?"

"మాత్ర ఏసుకుంటాండావా నువ్వు?"

"ఏసుకుంటాండా."

"బొగ్గు లేదంటాండాది."

రామాంజి చేతిలో గుడ్డ ఆగింది. ఎవరైనా మనిషి చెప్పి ఉంటే బుకాయించేవాడే. బొగ్గు మాటకు ఊళ్ళో ఎవరూ ఎదురు చెప్పరు. అరుణజ్యోతి మొగుడి వైపు చూసింది. "రాత్రి నా చేత్తోనే ఇచ్చినా గదయ్యా!"

"జేబులో ఏసుకుని పోయి కుందూ ఏటి బ్రిడ్జి మీద నుంచి పారేస్తాండా," అన్నాడు వాడు. గొంతు పెరిగింది. "ఏం? నాయన ఏసుకున్యాడు గదా! దినామూ మీ అందరి ముందర నోట్లో ఏసుకున్యాడు గదా! ఏమాయ? మోకాల్లోతు నీళ్ళలో పాయ. పని చెయ్యని మాత్రకు నేనెందుకు మత్తుగా తిరగల్ల? ఆ మత్తులో స్టీరింగు పట్టుకుంటే నేనొక్కన్నే పోను, ఎదురొచ్చేటోల్లను గూడా తీసుకపోతా. మీకు అబద్దం చెప్తి, బండి ఎక్కనే వద్దన్యాడు డాక్టరు, పో. బండి ఎక్కకుంటే తిండి యాడిది?"

"మీ నాయన మింగలేదురా."

"ఎవురు చెప్పిరి?"

హనుమమ్మ నల్లటి చేత్తో టీచర్‌ను చూపించింది. రామాంజి టీచర్ వైపు తిరిగాడు. నాలుగో తరగతిలో తప్పు లెక్క పలక మీద దాచుకుని చూసిన చూపే అది. "మేడమ్?"

"మింగలేదు నాయనా. మాత్ర పని చెయ్యకపోవడం కాదు. దానికి పని చేసే అవకాశమే రాలే."

"నేను నమ్మను."

"నమ్మొద్దు. వచ్చి విను."

వాడు వచ్చాడు. చెప్పులు షెడ్డు బయట విడిచి, పట్ట మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, ఆ చివరి గోతంలో తల్లి విన్నవన్నీ మళ్ళీ మొదటి నుంచి విన్నాడు. జేబులో ఫోను మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ఈరన్న ఆవలించాడు, ఈరన్న ఆవలించాడు, ఎవరో ముసలాయన ఉస్సురన్నాడు, మళ్ళీ ఈరన్నే. తండ్రి గొంతు వినాలని వాడికి ఉందో, వినపడకూడదని ఉందో టీచర్‌కు తెలియలేదు. వినపడితే మాత్ర పని చెయ్యదన్న తన మాట నిలుస్తుంది. వినపడకపోతే తండ్రి ఊరికే పోయినట్టు. ఒక్కో ముక్క కింద పెట్టినప్పుడల్లా వాడి భుజాలు కొంచెం కొంచెం కుంగాయి.

గోతం అడుగుకు వచ్చేసరికి వాడు ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు ఏడ్చినట్టే, చప్పుడు లేకుండా, ముక్కు మోచేత్తో తుడుచుకుంటూ.

"ఒక మాట చెప్పకూడదా నాయన?" అన్నాడు. "మత్తుగా ఉండాదబ్బీ, నేను ఏసుకోను అని ఒక్క మాట చెప్పింటే డాక్టరు వేరేది రాసిచ్చేటోడు. చెప్పకుండా యాల పోవల్ల?"

హనుమమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎందుకు చెప్పలేదో ఆ షెడ్డులో తెలిసింది ఇద్దరికి. హనుమమ్మే గోడ వైపు నుంచే చెప్పింది, వీధిలో పడుగు, ఉయ్యాల, జోల, అందరి నవ్వు. రామాంజి విన్నాడు. లేచి తల్లి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

లారీ ఓనరు నుంచి ఫోను ఇంకోసారి మోగింది. ఈసారి ఎత్తాడు.

"అన్నా... ఊర్లోనే ఉండా. ఇంగొక డ్రైవర్ను పంపు... లేదన్నా, బండికేం కాలే. నాకు ఫిట్స్ వస్తాయి... అవునన్నా. ముందే చెప్పల్ల. తప్పే... సరేన్నా, పనిలోంచి తీసెయ్."

సాయంత్రం వీరభద్ర అనే డ్రైవరు బస్సు దిగి వచ్చి, తాళాలు తీసుకుని, లారీ నడుపుకుపోయాడు. రామాంజి రోడ్డు దాకా వెళ్ళి, ఎడమ పక్క అద్దం కొంచెం ఊగుతుందని అతనికి చెప్పి వచ్చాడు.

మరుసటి రోజు పాత గోతాలన్నీ బట్టీలో కాలాయి. వినాల్సినవాళ్ళు విన్నారు కాబట్టి ఎవరూ ఆపలేదు. ఆ మధ్యాహ్నమే వాన పడింది.

బడులు తెరిచారు. పిల్లలను నంద్యాల బస్సు ఎక్కించి వచ్చాక ప్రసన్నకుమారి ఇల్లు బోసిపోయింది. ప్రశ్న అడగడానికి మనిషి లేక కొన్నాళ్ళు కొళాయి దగ్గర ఆడవాళ్ళను అడిగింది. రామాంజి నేత పనికి తన తండ్రి మగ్గం గుంతలోకి దిగాడు. డాక్టరు మాత్ర మోతాదు మార్చాడు గానీ మత్తు మొత్తంగా పోలేదు. వాడు నేస్తూ నేస్తూ తూలుతాడు, పోగులు తెగుతాయి. హనుమమ్మ పక్కనే కూర్చుని తెగిన పోగులు ముడి వేస్తుంది. నోరెత్తి ఒక్క మాట అనదు. ఎవరైనా గుమ్మంలో నిలబడి పరాచికం ఆడబోతే, "పని చూసుకో పోప్పా," అంటుంది. షావుకారు చీర తిప్పి పంపిస్తే మడత పెట్టి పెట్టెలో దాచుకుంటుంది.

కొన్ని వారాలకు తొట్టిలో రామాంజి ఆవలింత వినపడింది. ఆ సంగతి ముందు విన్నది పెద్ద ఈరన్న. "ఇంగ నాకు తోడు దొరికినాడు," అని వీధంతా చెప్పాడు.

ఆ తొట్టి బొగ్గు నిండి మార్చే రోజు వచ్చింది. ప్రసన్నకుమారి చీర కుచ్చిళ్ళు ఎగదోపి, తొట్టిలోకి దిగి, కొబ్బరి పీచుతో గోడలు రుద్దుతుంటే హనుమమ్మ వచ్చి అంచు మీద చేతులు పెట్టుకుని నిలబడింది. టీచర్ పీచు పక్కన పెట్టి, పైకెక్కి, అంచు మీద కూర్చుంది.

"మొదట్లో మింగినాడు గదా టీచరమ్మా," అంది హనుమమ్మ. "నేను ఆ మాట అనకముందు. నిద్రపోయినాడంటే మింగినట్టే గదా."

"మింగినట్టే."

"మరి ఆ గొంతు యాడికి పోయింది?"

పిల్లలైతే టీచర్ వాళ్ళనే చెప్పమనేది. ఇక్కడ అట్లా అడగడానికి మనసు రాలేదు.

"అప్పుడు తొట్టి లేదు హనుమమ్మా. మనం కట్టింది తర్వాత కదా."

"అంటే?"

"అంటే, పట్టుకునేదానికి బొగ్గు లేదు. బావిలో నుంచి నేరుగా బిందెల్లోకి వచ్చింది. మనమే తాగేసినాం."

హనుమమ్మ దాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అందరమూనా?"

"అందరమూ."

"నేను గూడా?"

"నువ్వు గూడా."

బావి అవతల ఎవరో కోళ్ళను అదిలిస్తున్నారు. హనుమమ్మ అటే చూస్తూ అంది, "ఆ ఏడు ఎండాకాలం మన వీధంతా పగటిపూట ఒకటే ఆవలింతలు. పడుగు చాపుతాంటే ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. ఎండకనుకుంటిమి."

"అవును," అంది టీచర్. ఆ ఏడు పరీక్ష పేపర్లు దిద్దుతూ బల్ల మీదే నిద్రపోవడం ఆమెకు జ్ఞాపకం వచ్చింది.

"నేను గూడా ఆవలించింటా. ఆయప్పదని తెలీకపాయ."

"ఎవురికీ తెలియలే."

"తెలిసింటే..." అని హనుమమ్మ ఆ మాట అక్కడికి వదిలేసింది. పైట చెంగుతో అంచు మీద తడి తుడిచింది, తుడవాల్సిన అవసరం లేకపోయినా. ఇంట్లో నుంచి మగ్గం చప్పుడు వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. ఆమె ఆ చప్పుడు వెంట వెళ్ళిపోయింది.

ప్రసన్నకుమారికి చెప్పడానికి ఇంకా ఉంది. తాగినదాంట్లో కొంత ఒంట్లో ఉంటుందని, కొంత పోతుందని, పోయింది మళ్ళీ రాతి సందుల్లోకే దిగుతుందని, అట్లా తిరిగి తిరిగి తొట్టి కట్టేనాటికి వినపడనంత పలచబడి ఉంటుందని. పిలిస్తే హనుమమ్మ ఆగేదే. ఆమె పిలవలేదు. మూడింటికి కరెంటు వస్తుంది, మోటారు వేస్తారు, తొట్టి ఇంకా సగం కూడా కడగలేదు. పీచు అందుకుని, మోకాలు పట్టుకుని, మళ్ళీ లోపలికి దిగింది.